చైనా మందుల కొట్లో చలవ ఆకులు: మల్బరీనా, పుదీనానా, తామరాకా, ఏది ఎవరికి?

వేడి చేసింది అనే మాట మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మామిడిపళ్ళు నాలుగు ఎక్కువ తింటే వేడి, రెండు పూటలా ఆవకాయే అయితే వేడి, రాత్రిళ్ళు నిద్ర లేకపోతే వేడి, నోరు పూసినా వేడే, ఒంటేలుకి పోతే మంటొచ్చినా వేడే. దానికి మందు కూడా ఇంట్లోనే ఉంటుంది, మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, కొబ్బరిబోండం. నేను ఉద్యోగం మీద దక్షిణ చైనాలోని గ్వాంగ్జౌలో నాలుగేళ్ళు ఉన్నాను, వెళ్ళిన మొదటి నెల్లోనే మా ఇంటి ఓనరు ఆవిడ నేను వేపుళ్ళు చేసుకోవడం చూసి "యిత్ హెయ్, యిత్ హెయ్" అని చెయ్యి ఊపుతూ ఏదో చెప్పింది, అర్థం కనుక్కుంటే అచ్చంగా మన "వేడి చేస్తుంది" అన్నమాటే. అంత దూరం పోయి అమ్మమ్మ మాట విన్నట్టయింది నాకు.

ఈ పోస్ట్ ఎందుకు రాస్తున్నానంటే, చైనాలో సింగపూర్‌లో మలేషియాలో ఉండే మనవాళ్ళు, అక్కడ ఎంబీబీఎస్ చదివే పిల్లలు, ఈమధ్య ఇక్కడ ఆన్‌లైన్‌లో హెర్బల్ టీలు కొనేవాళ్ళు కూడా అడిగేది ఒకటే, "చలవ చేసే చైనీస్ ఆకు ఏది మంచిది?" అని. ఆ ప్రశ్నలోనే తప్పుంది. అక్కడి మందుల కొట్లో చలవ ఆకు అని ఒకటి ఉండదు, ఒక ఏడెనిమిది ఉంటాయి, ఒక్కోటి ఒక్కో చోటి వేడికి. గొంతులో వేడి వేరు, ఊపిరితిత్తుల్లో పొడి దగ్గు తెచ్చే వేడి వేరు, నోరు పూసే వేడి వేరు, ఎండాకాలం ఉక్కపోతకి ఒళ్ళు బరువెక్కి తిండి సయించకపోవడం వేరు. ముందు మీ వేడి ఎక్కడుందో చూసుకోండి, ఆకు ఏదో తర్వాత అదే తెలుస్తుంది. నేను వాడినవి, పక్కన కూర్చుని కాయడం చూసినవి, వాటి గురించే చెప్తాను, మిగతావి వదిలేస్తున్నా.

మొదట మల్బరీ ఆకు, ఎందుకంటే నాకు దానితో చిన్నప్పటి సంబంధం ఉంది. మాది హిందూపురం దగ్గర, మల్బరీ తోటలు, పట్టుపురుగులు, చంద్రికలు (పురుగులు గూడు కట్టే తట్టలు) వీటి మధ్యే పెరిగాం, ఈ ఆకు అంటే పురుగులకి వేసేది అంతే, రాత్రి షెడ్డులో పురుగులు ఆకు తింటుంటే వాన పడుతున్నట్టు చప్పుడొస్తుంది. అదే ఆకు గ్వాంగ్జౌలో మందుల కొట్లో చెక్క సొరుగులో కనపడేసరికి నేను నమ్మలేదు. వాళ్ళు దాన్ని సాంగ్ యె అంటారు. కానీ మన తోటలో కోసే లేత పచ్చాకు కాదది, గడ్డకట్టే మంచు పడ్డాక కోసిన ముదురాకు. చైనా ప్రభుత్వ ఫార్మకోపియాలోనే, అంటే మందుల ప్రమాణాల పుస్తకంలోనే, మొదటి మంచు పడిన తర్వాత కోయాలని ఉంటుంది, ఆ ఆకుకి మంచు సాంగ్ యె అని వేరే పేరు. చూడ్డానికి ఏమీ అందంగా ఉండదు, పసుపు కలిసిన ఆకుపచ్చ, కొన్ని గోధుమ రంగు, ముడతలు ముడతలు, వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే కరకరమని పొడైపోతుంది. వెనక్కి తిప్పితే ఈనెలు పైకి ఉబ్బి సన్నటి వలలా కనపడతాయి, ఈనెల మీద సన్నటి నూగు ఉంటుంది. వాసన దాదాపు ఉండదు, నోట్లో వేసుకుంటే కొంచెం చేదు కొంచెం వగరు.

వాళ్ళ లెక్కలో ఇది తీపి-చేదు రుచి, చల్లని గుణం, ఊపిరితిత్తులకీ కాలేయానికీ పోతుంది. అంటే జలుబు మొదట్లో గొంతు మండటం, కొంచెం జ్వరం, పొడి దగ్గు, కళ్ళు ఎర్రబడి మంటలు, తల దిమ్ముగా ఉండటం, వీటికి. మోతాదు రోజుకి 5 నుంచి 10 గ్రాములు, ఎండాకు అంటే రెండు మూడు గుప్పెళ్ళు వస్తుంది. ఒంటరిగా తక్కువ వాడతారు, చేమంతి పువ్వుతో కలిపి వాడటం ఎక్కువ. సాంగ్ జూ యిన్ అని ఒక కషాయం ఉంది, సాంగ్ అంటే మల్బరీ, జూ అంటే చేమంతి, 1798లో వూ జుతోంగ్ అనే వైద్యుడు పూర్తి చేసిన జ్వరాల పుస్తకంలోది. అందులో మల్బరీ, చేమంతి, బాదం లాంటి చేదు ఏప్రికాట్ గింజ, ఫోర్సిథియా కాయ, కొంచెం పుదీనా, రెల్లు వేరు, ఇంకా రెండు, మొత్తం ఎనిమిది. రెండు కప్పుల నీళ్ళు పోసి ఒక కప్పుకి మరిగించి రోజుకి రెండుసార్లు తాగమంటాడు. నాకు నచ్చేది ఏంటంటే ఆయన దీన్ని "తేలిక మందు" అని వర్గీకరించాడు, దీనికి పైన మధ్యస్థం ఒకటి, ఆపైన బరువైనది ఒకటి, మూడు మెట్లు పెట్టాడు. ఛాతీ పైభాగం జబ్బుకి మందు ఈకలా ఉండాలి, తేలిక కాకపోతే పైకి లేవదు అని ఆయన మాట. జలుబు మొదటి రోజే పెద్ద పెద్ద చేదు కషాయాలు తాగేవాళ్ళకి ఈ మాట చెప్పాలనిపిస్తుంది నాకు.

కాబట్టి ఎవరికి మల్బరీ? గొంతు నొప్పితో మొదలైన జలుబుకి, ఏసీ గదుల్లో వచ్చే పొడి దగ్గుకి, రోజంతా స్క్రీన్ చూసి కళ్ళు మండేవాళ్ళకి. దగ్గు బాగా పొడిగా ఉండి కఫం తెగకపోతే తేనెతో వేయించిన మల్బరీ ఆకు అడగండి, కొట్టువాళ్ళే చేసి ఇస్తారు, అది జిగటగా ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుంటుంది, మామూలు ఆకు కన్నా గొంతుకి హాయిగా ఉంటుంది.

మల్బరీలోనే ఇంకో సంగతి ఉంది, అది షుగరు. ఇండియాలో మల్బరీ టీ అని అమ్మేదంతా ఈ పేరు మీదే. ఆ ఆకులో డీఎన్‌జే అనే పదార్థం ఉంటుంది, అది మనం తిన్న పిండిపదార్థాన్ని పేగుల్లో చక్కెరగా విరగ్గొట్టే ఎంజైముని అడ్డుకుంటుంది, అందువల్ల తిన్నాక షుగరు ఒక్కసారిగా ఎగరదు, అకార్బోస్ అనే మాత్ర పనిచేసే పద్ధతే. ఇది నిజమైన గుణం, కట్టుకథ కాదు. కానీ అందుకే జాగ్రత్త కూడా. మా నాన్నకి నేనే ఉత్సాహంగా తీసుకొచ్చి ఇచ్చాను, ఆయన షుగరు మాత్రలు మామూలుగానే వేసుకుంటూ రెండు పూటలా భోజనం ముందు ఇది చిక్కగా తాగారు, వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం చెమటలు పట్టి చేతులు వణికి కూర్చుండిపోయారు, మిషన్‌తో చూస్తే 62. డాక్టరుగారు టీ ఆపించి మాత్ర తగ్గించి మళ్ళీ చూశారు. అప్పుడు తెలిసిన ఇంకో ముక్క, అకార్బోస్ వాడేవాళ్ళకి షుగరు పడిపోతే పంచదార కాదు గ్లూకోజ్ పొడి ఇవ్వాలంటారు, ఎందుకంటే పంచదారని విరగ్గొట్టే ఎంజైమే కదా ఆగి ఉంది. మల్బరీ టీ తాగేవాళ్ళ ఇంట్లో కూడా గ్లూకోజ్ డబ్బా ఉంచండి, డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకండి, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు అసలు సొంతంగా వద్దు.

రెండోది పుదీనా. వాళ్ళది బో హ, మనం పచ్చడి చేసే పుదీనాకి చుట్టమే కానీ అదే కాదు. మనది ఎక్కువగా కమ్మటి వాసన రకం, వాళ్ళది మెంథాల్ ఎక్కువ ఉన్న రకం, ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ వైపు మెంథాల్ కోసం పండించేదానికి దగ్గర. నోట్లో పెట్టుకుంటే ముందు ఘాటు, తర్వాత ముక్కులోంచి చల్లగాలి పోయినట్టు ఉంటుంది. జియాంగ్సు ప్రాంతపు పుదీనాకి పాతకాలం నుంచీ పేరు. గుణం "చల్లన" కాదు "చలవ", అంటే మల్బరీ కన్నా ఒక మెట్టు తక్కువ చల్లదనం, కానీ ఘాటు ఉండటం వల్ల చెమట పట్టించి వేడిని బయటికి తోస్తుంది అంటారు. తలనొప్పి, కళ్ళ మంట, గొంతు, దద్దుర్లు లోపలే ఉండి బయటికి రాకపోవడం, మనసు బాగోలేక ఛాతీ పట్టేసినట్టు ఉండటం, వీటికి కూడా.

మోతాదు 3 నుంచి 6 గ్రాములే, మల్బరీ కన్నా తక్కువ. మనవాళ్ళు అందరూ చేసే తప్పు ఏంటంటే అన్నీ కలిపి ఒకేసారి గిన్నెలో వేసి అరగంట మరిగిస్తారు, ఇల్లంతా పుదీనా వాసన గుప్పుమంటుంది, ఆ వాసనే మందు, అది గాలిలో కలిసిపోయాక గిన్నెలో మిగిలేది గడ్డి నీళ్ళు. కొట్లో మందు పొట్లం కట్టేటప్పుడు పుదీనాని చిన్న కాగితంలో విడిగా కట్టి దాని మీద "తర్వాత వేయాలి" అని రాసి ఇస్తారు, స్టవ్ ఆపడానికి ఐదు నిమిషాల ముందు వేసి మూత పెట్టాలి. కొనేటప్పుడు ఆకు ఎంతుందో కాడ ఎంతుందో చూడండి, నలుచదరపు కాడలే ఎక్కువుంటే వద్దు, ఒక ఆకు అరచేతిలో నలిపితే వాసన వెంటనే రావాలి. పోయినేడాది డబ్బా అయితే రాదు.

ఎవరికి పుదీనా వద్దు? చెమట ఇప్పటికే బాగా పట్టేవాళ్ళకి, నీరసంగా ఉన్నవాళ్ళకి, పాలిచ్చే తల్లులకి (పాలు తగ్గుతాయని వాళ్ళ నమ్మకం, నేనైతే పాటించాను). గుండెల్లో మంట, పులితేన్పులు ఉన్నవాళ్ళకి కూడా పుదీనా పడకపోవచ్చు.

మూడోది దాన్ జూ యె, దీని మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. పేరులో వెదురు ఉంటుంది గానీ వెదురు కాదు, అడవుల్లో నీడలో పెరిగే ఒక గడ్డి, ఆకులు సన్నటి వెదురాకుల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. కొత్తగా కొనేవాళ్ళకి నిజం వెదురాకు అంటగట్టేస్తారేమో అని భయం ఉంటుంది కదా, దానికి ఒక మంచి గుర్తు ఉంది. ఆకుని వెలుగుకి పెట్టి చూడండి, నిలువు ఈనెలు సమాంతరంగా పోతుంటే వాటి మధ్య సన్నటి అడ్డ ఈనెలు ఉండి చిన్న చిన్న దీర్ఘచతురస్రాల గళ్ళు కనపడతాయి, లెక్కల నోటుపుస్తకం గళ్ళు సాగదీసినట్టు. నాకు ఆ గుర్తు చూపించింది మందుల కొట్టు పెద్దాయనే, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి ఆకుని కిటికీకి ఎత్తి చూపించాడు. ఆ తర్వాత నేను ఎప్పుడు కొన్నా ఒక ఆకు ఎత్తి చూడందే పొట్లం తీసుకోలేదు. వేసవిలో కంకి తీయకముందే కోసిన గడ్డి మంచిది, కంకులు కనపడితే ముదిరిపోయిందన్నమాట.

దీనికి రుచి దాదాపు లేదు, కొంచెం ఎండుగడ్డి కాచిన నీళ్ళలా ఉంటుంది, పిల్లలు కూడా ముఖం చిట్లించకుండా తాగుతారు. వాళ్ళ లెక్కలో గుండె, కడుపు, చిన్నపేగు దీని దారి. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఆ లెక్కలో ఒక సొగసుంది, నాలుక గుండెకి చెందుతుంది, గుండె వేడి చిన్నపేగుకి దిగుతుంది, అక్కడినించి మూత్రంలో మంటగా వస్తుంది, కాబట్టి నోరు పూయడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, దాహం, ఒంటేలు పచ్చగా కొంచెం కొంచెంగా మంటగా రావడం ఇవన్నీ ఒకే వేడి. దాన్ జూ యె ఆ వేడిని మూత్రం దారిలో కిందకి దింపుతుంది. మన అమ్మమ్మలు నోరు పూస్తే బార్లీ నీళ్ళు తాగించేది ఈ లెక్కలోనే కదా. 6 నుంచి 10 గ్రాములు, ఇరవై నిమిషాలు మరిగించడం, అంతే. పరీక్షలప్పుడు రాత్రిళ్ళు మేలుకుని ఇన్‌స్టంట్ నూడుల్స్ తిని నోరంతా పుళ్ళు చేసుకునే పిల్లలకి నేను చెప్పేది ఇదే, మల్బరీ కాదు, పుదీనా కాదు. కానీ మంటతో పాటు జ్వరం ఉన్నా, నడుము నొప్పి ఉన్నా, ఒంటేల్లో రక్తం కనపడినా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆకుల పని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గర్భిణీలు కూడా దీన్ని సొంతంగా తీసుకోకపోవడమే మంచిది.

తామరాకు, హ యె. దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే జనం దీన్ని కొనేది చలవకి కాదు బరువు తగ్గడానికి. నిజానికి ఫార్మకోపియాలో దీని గుణం చల్లన కూడా కాదు, "సమం" అని ఉంది, అయినా ఎండాకాలం వేడికి పేరు పడింది. ఉక్కపోత, తల బరువు, తిండి సయించకపోవడం, నీళ్ళ విరేచనాలు, ఇట్లాంటి తడి వేడికి ఇది పనికొస్తుంది, 3 నుంచి 10 గ్రాములు. గ్వాంగ్జౌలో ఎండాకాలం గంజిలో పచ్చి తామరాకు మూతలా పెట్టి ఉడికిస్తారు, గంజి లేతాకుపచ్చ రంగుకి తిరిగి చెరువు గట్టు వాసనలాంటి కమ్మటి వాసన వేస్తుంది, అది మాత్రం అద్భుతం, తామరాకులో భోజనం చేసిన మనవాళ్ళకి ఆ వాసన కొత్తేమీ కాదు. ఎండాకు అయితే విసనకర్రలా మడిచి అమ్ముతారు, విప్పితే మధ్యలోంచి ఇరవై పైన పెద్ద ఈనెలు చుట్టూ పోతూ కనపడాలి.

బరువు తగ్గించే టీ అని రంగురంగుల ప్యాకెట్లలో వచ్చే తామరాకు మాత్రం నా మాట విని కొనొద్దు. ఇట్లాంటి స్లిమ్మింగ్ టీల్లో సిబుట్రమిన్ అనే మందు దొంగతనంగా కలిపి అమ్మడం చాలా దేశాల్లో పట్టుబడింది, గుండెకి ప్రమాదమని ఆ మందుని 2010లోనే చైనా, అమెరికా రెండూ మార్కెట్ నుంచి తీసేశాయి. వారంలో మూడు కిలోలు తగ్గారంటే అది తామరాకు చేసిన పని కాదు. విడి ఆకు కొనుక్కోండి, కంటికి కనపడేది కొనుక్కోండి.

లోక్వాట్ అనే పండ్ల చెట్టు ఆకు, అంటే పీపా యె, దగ్గుకి మాత్రమే. పచ్చటి చిక్కటి కఫం, దగ్గి దగ్గి వాంతి వచ్చేట్టు ఉండటం, దానికి మల్బరీ కన్నా ఇదే బాగుంటుంది, ఎందుకంటే ఇది ఊపిరితిత్తుల్లోదే కాదు, కడుపులోంచి పైకి తన్నే వేడిని కూడా కిందకి దింపుతుంది, వెక్కిళ్ళు వికారం తగ్గుతాయి. ఒకే ఒక్క జాగ్రత్త, ఆకు వెనక దట్టంగా గోధుమరంగు నూగు ఉంటుంది, అది బ్రష్‌తో తోమి తీసేసిన ఆకే వాడాలి, లేకపోతే ఆ నూగు గొంతులో గుచ్చుకుని దగ్గు ఇంకా ఎక్కువవుతుంది. నూగు తీయని ఆకు ఇస్తే పల్చటి గుడ్డలో మూటకట్టి కాయండి. ఇంత ఓపిక లేనివాళ్ళు సింగపూర్ హాంగ్‌కాంగ్‌లలో దొరికే పీపా సిరప్ తాగుతారు, నల్లగా చిక్కగా ఉంటుంది, కానీ అందులో తేనె చక్కెర చాలా ఎక్కువ, షుగరున్నవాళ్ళు చూసుకోవాలి, ఏడాది లోపు పిల్లలకి తేనె ఉన్నది ఏదీ పెట్టకూడదు.

ఇంక దా చింగ్ యె. ఇది నీలిరంగు తీసే ఒక మొక్క ఆకు, దీని వేరునే బాన్ లాన్ గెన్ అంటారు, ఆ పేరు మీరు విని ఉంటారు, 2003లో సార్స్ అనే అంటువ్యాధి వచ్చినప్పుడు గ్వాంగ్జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో జనం కొట్ల మీద పడి ఈ వేరు పొడి ప్యాకెట్లూ వెనిగరూ ఖాళీ చేసేశారు. ఆకూ వేరూ రెండూ బాగా చేదు, బాగా చల్లన. గొంతు వాచిపోయి మింగలేకపోవడం, గవదబిళ్ళలు, ఒంటి మీద ఎర్ర మచ్చలతో జ్వరం, ఇట్లాంటి పెద్ద వేడికి వాళ్ళ వైద్యులు 9 నుంచి 15 గ్రాములు రాస్తారు. రాస్తారు అన్న మాట గమనించండి. చైనా ఆరోగ్య శాఖ 2002లో ఆహారంగానూ మందుగానూ వాడుకోదగ్గ వస్తువుల లిస్టు ఒకటి ఇచ్చింది, అందులో మల్బరీ ఆకు ఉంది, పుదీనా ఉంది, దాన్ జూ యె ఉంది, తామరాకు ఉంది, మన ఉసిరికాయ, గంగవాయిల కూర కూడా ఉన్నాయి, దా చింగ్ యె మాత్రం లేదు. ఇంట్లో ఏది ఉంచుకోవాలి ఏది వైద్యుడి చేతి మీదుగా రావాలి అని నన్నడిగితే నేను ఈ లిస్టునే గీతగా పెట్టుకుంటాను.

మన నేలవేము కూడా దక్షిణ చైనాలో ఇదే వరసలో వాడతారు, చ్వాన్ షిన్ ల్యెన్ అని పేరు, 6 నుంచి 9 గ్రాములు, చేదు సంగతి మీకు తెలిసిందే. గర్భంతో ఉన్నవాళ్ళు దాని జోలికి పోవద్దు. కడుపు మెత్తనివాళ్ళకి అది మూడు రోజుల్లో ఆకలి చంపేస్తుంది, అంతకన్నా ఎక్కువ రోజులు సొంతంగా తాగకండి.

ఇప్పుడు అసలైన మాట, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అన్ని జలుబులూ వేడివి కాదు. గ్వాంగ్జౌలో మొదటి చలికాలం నాకు జలుబు చేసింది, వణుకు, ఒళ్ళు నొప్పులు, ముక్కులోంచి నీళ్ళలా కారడం, గొంతు నొప్పి లేదు. మా వీధి చివర చలవ టీ కొట్టు ఉండేది, పెద్ద పెద్ద రాగి పాత్రలు తళతళా మెరుస్తూ, గిన్నెల్లో నల్లటి కషాయం పోసి గాజు మూత పెట్టి వరసగా పేర్చి ఉంటాయి, అక్కడ నిలబడి తాగి వెళ్ళిపోతారు జనం. ఈ చలవ టీని 2006లో చైనా తన జాతీయ వారసత్వ జాబితాలో కూడా చేర్చింది, అంత పేరున్నది కదా అని నేను ఇరవై నాలుగు దినుసుల చేదు టీ రెండు పూటలు తాగాను. రాత్రికి వణుకు రెట్టింపైంది, కడుపులో నొప్పి, పొద్దున నీళ్ళ విరేచనం. ఓనరు ఆవిడ వచ్చి నా నాలుక చూసి, తెల్లటి పూత చూపించి, తల పట్టుకుంది. "ఇది చలి జలుబు, చలి మీద చలి పోశావు" అని, అల్లం, ఉల్లికాడల తెల్ల మొదళ్ళు, ఎర్ర బెల్లం వేసి మరిగించి దుప్పటి కప్పి తాగించింది. మన శొంఠి కషాయానికీ దానికీ ఏం తేడా లేదు.

అప్పట్నించీ నేను పాటించేది చెప్తాను. వణుకు ఎక్కువ, చెమట లేదు, ముక్కు నీళ్ళలా కారుతోంది, దాహం లేదు, గొంతు బాగానే ఉంది అంటే ఈ పైన చెప్పిన ఆకులు ఒక్కటీ వద్దు, అల్లం వైపు వెళ్ళండి. గొంతు నొప్పితోనే మొదలైంది, ముక్కు చీమిడి చిక్కగా పచ్చగా ఉంది, దాహంగా ఉంది, నాలుక కొస ఎర్రగా ఉంది అంటే మల్బరీ, చేమంతి, చివర్లో పుదీనా. ఒకవేళ చలితో మొదలై రెండో రోజుకి గొంతు పట్టుకుందా, అప్పుడు మారండి. అదే మనిషికి అదే జలుబులో సోమవారం అల్లం, బుధవారం మల్బరీ కావచ్చు. ఎప్పుడూ చల్లటి పదార్థం పడనివాళ్ళు, చేతులు కాళ్ళు చల్లగా ఉండేవాళ్ళు, మజ్జిగ తాగినా విరేచనం అయ్యేవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఏ ఆకు తీసుకున్నా సగం మోతాదు, రెండు ముక్కలు అల్లం వేసుకుని.

కాయడం గురించి. మట్టి పాత్ర లేదా గాజు, లేదంటే స్టీలు, ఇనుమూ అల్యూమినియమూ వద్దు. ఆకులు అరగంట చల్లటి నీళ్ళలో నానబెట్టి, జలుబు ఆకులకి మరిగాక పది పదిహేను నిమిషాలు చాలు, ఎక్కువ మరగకూడదు, దాన్ జూ యెకి మాత్రం పైన చెప్పిన ఇరవై. వేడిగా కాదు గోరువెచ్చగా తాగాలి, ఫ్రిజ్‌లో పెట్టి రేపు తాగుదాం అనుకోకండి. మూడు రోజులు తాగినా జ్వరం దిగకపోతే, ఊపిరి ఆడకపోతే, మనిషి మగతగా పడి ఉంటే ఆకులు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి, మన ఊళ్ళలో డెంగీ కాలంలో జ్వరం మొదటి రెండు రోజుల్లోనే రక్తపరీక్ష చేయించుకోండి, కషాయం తాగుతున్నాం కదా అని ఆగొద్దు. బీపీకి, రక్తం పల్చబడటానికి మందులు వాడేవాళ్ళు డాక్టరుకి ఆకు పేరు చెప్పి అడగండి.

కొనేటప్పుడు ముందు ముక్కుతో కొనండి. పొట్లం విప్పగానే పుల్లటి ఘాటు, అగ్గిపుల్ల గీసిన వాసన వస్తే గంధకం పొగ పట్టించారని అర్థం, రంగు నిలవడానికి చేస్తారు, ఎంత తాజాగా కనపడినా తిరిగి ఇచ్చేయండి. గ్వాంగ్జౌలో ఉన్నవాళ్ళకి చింగ్‌పింగ్ మార్కెట్ దగ్గర, సింగపూర్‌లో చైనాటౌన్ పాత మందుల కొట్లలో విడి ఆకు దొరుకుతుంది, కొంచెం కొనుక్కోండి, యాభై గ్రాములు చాలా రోజులొస్తుంది, పుదీనా అయితే ఇంకా తక్కువ. తేమ తగలని గాజు సీసాలో వేసి మీద నెల, సంవత్సరం రాసుకోండి.

మన సీమలో మల్బరీ తోటలున్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు, మన ఆకే ఎండబెట్టుకోవచ్చు కదా అని. ఎండబెట్టుకోవచ్చు, కానీ మన దగ్గర అట్లా గడ్డకట్టే మంచు పడదు కాబట్టి అది చైనావాళ్ళ మంచు సాంగ్ యె అని అనుకోకండి, లేతాకు టీ షుగరు సంగతికి దగ్గర, గొంతు దగ్గు సంగతికి వాళ్ళు నమ్మేది ముదురాకునే. తోటకి ఎప్పుడు ఏ మందు కొట్టారో అడిగి తెలుసుకోండి, పురుగులకి వేసే ఆకు కాబట్టి రైతులు జాగ్రత్తగానే ఉంటారు గానీ గట్టు పక్క పత్తి చేలో కొట్టింది గాలికి వస్తుంది. నేను డిసెంబరులో చలి బాగా ఉన్న వారంలో ముదురాకు కోసి, రెండుసార్లు కడిగి, నీడలో చంద్రిక మీద పరిచి ఎండబెడతాను, పురుగులు గూడు కట్టే ఆ తట్ట మీద గాలి కిందనించీ ఆడుతుంది కాబట్టి ఆకు నల్లబడకుండా నాలుగైదు రోజుల్లో కరకరలాడేట్టు ఎండుతుంది.